ముత్తవ్వ పాదాల డోలు

లోయిసా ఊరి గ్రంథాలయంలో, పాత సినిమా రీళ్ల గదిలో, నెరేయిదా తెర వైపు చూసింది. తెల్ల పావడా అంచులు పట్టి విసురుతూ, డోలుతో ఆడే బొంబా నాట్యం ఆడుతున్నది ఆమె ముత్తవ్వ. తమ ఇంటి బొంబా దరువు ముత్తవ్వతోనే పోయిందని అందరూ అనేవారు. దాని కోసమే నెరేయిదా మూడు నెలలుగా ఇక్కడి పెట్టెలన్నీ గాలించింది.

కానీ రీలులో శబ్దం లేదు. బొమ్మలో డోలూ లేదు.

"ఇంత వెదికి మూగబొమ్మను పట్టుకున్నానా తాతా!"

పక్కన కూర్చున్న ముసలి డోలు వాద్యకారుడు ఎలాదియో పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, మన ఆటలో డోలు ఎవరి మాట వింటుందే?"

"ఆడేవాళ్ల మాట."

"మరింకేం! ఆవిడ భుజం విసిరితే ఒక దెబ్బ, పావడా విసిరితే ఇంకోటి. ఏం వాయించాలో అంతా చెబుతూనే ఉందిగా! మొదట్నుంచి తిప్పమను ఆ లైబ్రరీ అమ్మని."

రీలు మళ్లీ తిరిగింది. ఎలాదియో తెర మీంచి కళ్లు తిప్పకుండా బల్లను వాయించాడు. ముత్తవ్వ విసిరింది, బల్ల పలికింది; ముత్తవ్వ ఆగింది, బల్ల ఆగింది. మూడోసారికి దరువు కుదిరింది. చప్పుడు చేయొద్దని వారించబోయిన లైబ్రరీ అమ్మ కూడా వేళ్లతో తాళం వేసింది.

నెరేయిదా చెప్పులు విడిచి తెర ముందుకు దూకి, ముత్తవ్వ పక్కన నిలిచి, పావడా విసిరింది.

ఈసారి బల్ల ఆమె మాట వింది.