రాగి తీగ రెండో కొస

హౌరా పక్కన లిలువాలో గురువులు అనే అతను తన కంప్యూటర్లు బాగుచేసే కొట్టు తెరవగానే చేసే మొదటి పని, పెరట్లో ఎర్త్ గోతిలో ఉప్పునీళ్ళు పొయ్యడం. ఆ గోతిలోంచి వచ్చే రాగి తీగకి రెండు కొసలు. ఒకటి బల్ల దగ్గరకి పోతుంది. దానికి ఉన్న పట్టీ ముంజేతికి కట్టుకుని పనిచేస్తే ఒంట్లో పుట్టిన కరెంటు మట్టిలోకి దిగిపోతుంది, కంప్యూటర్ లోపలి చిప్పులు బతుకుతాయి. రెండోది గోడవతల వేలాడుతూ ఉంటుంది. అది జనం కోసం.

సాయంత్రం రైల్వే వర్క్‌షాపు వదిలేక జనం వచ్చి ఆ కొస పట్టుకుంటారు. ఆ రోజు పడ్డ సిగ్గు తీగలోంచి మట్టిలోకి పోతుంది. తూకంలో మోసం చేసిన చేపలమ్మే బెంగాలీ దాదా, తల్లిని కసిరిన కొడుకు, అందరూ వరసలో నిలబడి, తేలికపడి, ఇంటికెళ్ళి హాయిగా అన్నం తింటారు. ఎవరి సిగ్గు వాళ్ళ చేతిలోంచే దిగుతుంది, ఇంకొకరిది దిగదు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నట్టే, ఇదీ ఊళ్ళో ఒక పని.

ఒకరోజు పొద్దున్న చలి కొరుకుతోంది. గురువులు ఉన్ని స్వెట్టరేసుకుని, పట్టీ కట్టుకుని, అమూల్య కంప్యూటర్ విప్పాడు. అమూల్య వర్క్‌షాపు ఫిట్టర్ నాగయ్య కూతురు, డిగ్రీ ఆఖరి ఏడు. చదువు తాలూకు ప్రాజెక్టంతా అందులోనే ఉంది. కొట్టు ముందు టీ తాగుతున్న బెంగాలీ ఆయన నవ్వి, "ఏం దాదా, మేకని కట్టినట్టు కట్టేశారే నిన్ను!" అన్నాడు. మన గురువులుకి అభిమానం ఎక్కువ. పట్టీ విప్పి పక్కన పడేశాడు. ఆ చేత్తోనే హార్డ్ డిస్క్ ముట్టుకున్నాడు. చిటుక్కుమంది. అంతే, డిస్క్ మళ్ళీ పలకలేదు.

మధ్యాహ్నం టీ తాగేవాళ్ళంతా కొట్టు ముందుండగానే నాగయ్య కూతురితో వచ్చాడు.

"ఇది ఇక్కడికి రాకముందే పోయిందన్నా," అన్నాడు గురువులు తలెత్తకుండా. "పిల్ల ఎక్కడో పడేసుంటాది."

"నేను పడెయ్యలేదు నాన్నా," అంది అమూల్య.

"ప్రాజెక్టూ లేదు, ఏటీ లేదు. ఇన్నాళ్ళూ నాకు అబద్ధాలు చెప్పినావు," అన్నాడు నాగయ్య. "చదివింది చాలు. శనివారం హౌరాలో బండెక్కిస్తాను, విజీనారంలో మీ పెద్దమ్మ దగ్గరుందువుగాని."

గురువులు విప్పిన స్క్రూలు మళ్ళీ బిగించడం మొదలెట్టాడు. పట్టీ కట్టుకుంటే ఈ సిగ్గూ ఆ తీగలోంచే దిగిపోతుందిలే అనుకున్నాడు గానీ, ఎందుకో చెయ్యి అటు పోలేదు.

సాయంత్రం వరసలో అమూల్య కూడా వచ్చి నిలబడింది. తీగ పట్టుకుంది. ఎంతసేపు పట్టుకున్నా వంచిన తల లేవలేదు. వెనకున్న పిచ్చమ్మ చూసి చూసి, "ఇది నీది కాదమ్మా, దిగదు. వదిలీ," అంది. కొట్టు కిటికీలో ఉన్న గురువులు వైపు మాత్రం వరసలో ఒక్కరూ చూడలేదు.

వాళ్ళు చూడకపోవడమే గురువులుకి భరించరానిదైంది. చెయ్యి పట్టీ మీదకి పోయింది. కట్టుకుంటే క్షణంలో తేలికైపోతాడు. తేలికైతే మాత్రం ఇంక నాగయ్య గుమ్మం ఎక్కడు. ఆ సంగతి తనకి బాగా తెలుసు. పట్టీ వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా నాగయ్య క్వార్టర్‌కి నడిచాడు.

"అన్నా, పిల్ల పడెయ్యలేదు. ఎవడో నవ్వినాడని పట్టీ విప్పీసి ముట్టుకున్నాను. నా చేతిలోనే పోయింది. నీకు అబద్ధం చెప్పీసినాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

నాగయ్య అతన్ని తిట్టలేదు. "అందరి ముందూ దాన్ని అబద్ధాలకోరన్నాన్రా," అని లేచి, గబగబా తీగ దగ్గరకి నడిచాడు. అమూల్య ఇంకా గోడ పక్కనే ఉంది. నాగయ్య తీగ కోసం చెయ్యి చాపాడు.

"వద్దన్నా," వెనకే వచ్చిన గురువులు ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ముందు పిల్లతో మాట్లాడు. తీగ పట్టుకుంటే ఇంక మాట్లాడవు."

నాగయ్య కూతురి వైపు తిరిగాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడు. అప్పుడు అమూల్య తలెత్తింది.

మర్నాడు గురువులు ఆమెతో కాలేజీకి వెళ్ళి, మాస్టారి ముందు నిలబడి జరిగింది చెప్పాడు. ఆయన ప్రాజెక్టు మళ్ళీ చెయ్యడానికి గడువిచ్చాడు. శనివారం బండి అమూల్య లేకుండానే వెళ్ళింది.

కాలేజీ నుంచి వచ్చాకే గురువులు బల్ల దగ్గర కూర్చుని, టీ తాగేవాళ్ళంతా చూస్తుండగా, పట్టీ కట్టుకున్నాడు.