మెకానిక్ బతికించిన దీపాల తాత

ఆ వీధిలో ఫ్రిజ్ చల్లబడకపోతే మెకానిక్‌ని పిలుస్తారు. పుస్తకం బాగుందో లేదో తెలియకపోతే ఆయన భార్యని అడుగుతారు.

ఆవిడ ఆసుపత్రిలో టోకెన్లిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. డాక్టరు రాని రోజున "వస్తున్నారు, కూర్చోండి" అని జనాన్ని మభ్యపెట్టడం ఆవిడకు చేతకాదు. రారు, ఇంటికెళ్ళి రేపు రండి అని మొహం మీదే చెప్పేస్తుంది. పుస్తకాల దగ్గరా అదే వరస. లైబ్రరీ మేడ మీద నెలకో ఆదివారం చదువరులంతా కూడి చదివినవాటి గురించి మాట్లాడుకుంటారు. అక్కడ ఆవిడ పేరు కుండబద్దలమ్మ. రిటైరైన హెడ్మాస్టరుగారు నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్న నవలని ఆవిడ "కథ పిడికెడు, వర్ణన బండెడు" అని తేల్చిపారేసిన రోజున ఆయన ఉడుక్కుని ఆ పేరు పెట్టాడు. ఆవిడ కోప్పడకపోగా మురిసిపోయింది.

ఈ మధ్య చదివినవాటిలో ఒక ప్రేమ నవల ఉంది. అందులో నాయికకు పేజీకి రెండుసార్లు ఊపిరి బిగబడుతుంది. ఆ పిల్లని మా ఆసుపత్రికి తీసుకురండి, టోకెన్ లేకుండా లోపలికి పంపిస్తాను అంది. ఒక హత్య నవలలో హంతకుడెవరో మొదట్లోనే పట్టేసింది, అందరితోనూ మర్యాదగా మాట్లాడినవాడు అందులో వాడొక్కడేనట. కాలంలో వెనక్కి వెళ్ళే వీరుడి కథ చదివి మండిపడింది. అంత దూరం వెళ్ళి ముత్తాతను కలిసినవాడు, ఆయన మంచీచెడ్డా అడగకుండా సైన్సు పాఠం చెప్పి వచ్చేశాడని కోపం. అలాగని నచ్చింది దాచుకునే మనిషీ కాదు. ఒక మంత్రగత్తె నవల, దిండంత లావుది, రెండుసార్లు చదివింది. మంత్రాలున్నా సరే, ఆ మంత్రగత్తె పొద్దున్నే లేచి తన ఇల్లు తనే ఊడ్చుకుంటుంది, అందుకే నమ్మాను అంది.

ఇక మెకానిక్ సంగతికొస్తే, పుస్తకానికీ ఆయనకీ ఆమడ దూరం. వారంటీ కార్డు తప్ప మరో కాగితం చివరిదాకా చదివిన పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య ఇచ్చిన నవల ఒకటి మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ మొదలుపెట్టినట్టే ఉంది.

అలాంటి ఇంట్లో ఆవిడ కంటికి ఆపరేషన్ అయింది. నల్లకళ్ళద్దాలు పెట్టి ఇంటికి పంపుతూ డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. బరువులెత్తొద్దు, చదవొద్దు, ఏడవొద్దు. మొదటిదానికి ఆవిడ సంతోషంగా తలూపింది. మూడోదానికి నవ్వింది. రెండోది విన్నాక మాత్రం మొహం పాలిపోయింది. వచ్చే సమావేశంలో మాట్లాడాల్సింది తనే. పుస్తకం ఇంట్లో బల్ల మీద కూర్చుని ఉంది. రాజ్యాలు, డ్రాగన్లు, శాపాలు నిండిన పెద్ద నవల, అందులోనూ మొదటి భాగం మాత్రమే.

"నేను చదివి వినిపిస్తాలే," అన్నాడు మెకానిక్. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం పని నుంచి రాగానే చేతుల జిడ్డు కడుక్కుని కిటికీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. మొదట్లో ఆయన చదువుతుంటే స్పేరుపార్టుల జాబితా అప్పజెప్పినట్టు ఉండేది. చుక్క దగ్గర కాస్త ఊపిరి పీల్చుకోమని ఆవిడ మందలించింది. మధ్యమధ్య ఆపి తీర్పులిచ్చేది. రాత్రీపగలూ స్వారీ చేస్తున్నారే, ఆ గుర్రాలకు గడ్డి వేసిందెవరు? ఈ జోస్యం చెప్పే ముసలమ్మకు తిన్నగా మాట్లాడటం రాదా, పొడుపుకథలెందుకు? మా కౌంటర్లో అలా చెబితే జనం తంతారు. ప్రతి కత్తికీ ఒక పేరుంది, వంటవాడికి మాత్రం పేరు లేదు, ఇదేం రాజ్యం?

డ్రాగన్ మాత్రం ఆవిడకు నచ్చింది. అంతకంటే నచ్చినవాడు దీపాల తాత. ఆ కోటలో గదిగదికీ దీపాలుంటాయి. పొద్దుగూకగానే వాటిని వెలిగించుకుంటూ, తనలో తాను గొణుక్కుంటూ తిరిగే ముసలాయన ఒకడున్నాడు. యువరాణి చిన్నప్పుడు ఆయన వెనకే తిరిగి పెరిగింది. పుస్తకం మొత్తంలో ఒళ్ళొంచి పనిచేసేవాడు ఈయనొక్కడే అని ఆవిడ ఖాయం చేసింది. తాత వచ్చే పేజీల్లో కుర్చీ అంచుకు జరిగి కూర్చునేది.

మెకానిక్‌కి కూడా రుచి తగులుకుంది. మధ్యాహ్నం భోజనం వేళ షెడ్డులో కూర్చుని ముందు పేజీలు దొంగతనంగా చదువుకోవడం మొదలుపెట్టాడు. అలా చదువుతుండగా ఒకరోజు శత్రుసైనికులు కోటలో పడ్డారు. యువరాణికి అడ్డం వెళ్ళిన తాతను కత్తితో పొడిచారు. మెకానిక్ చేతిలోని మసిగుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. పక్క షెడ్డువాడు వచ్చి ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగాడు.

ఆ సాయంత్రం అదే పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా నల్లకళ్ళద్దాలు. ఏడవొద్దన్నాడు డాక్టరు. కత్తి ఎత్తారు అని చదివాడు. ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"గురి తప్పింది," అన్నాడు మెకానిక్. "కత్తి వెళ్ళి తలుపుకి గుచ్చుకుంది."

ఆవిడ అమ్మయ్య అని వెనక్కి వాలింది.

అక్కడితో పోయేదేగానీ, తాత చావే ఆ కథకు ఇరుసు. ఆయన పగ తీర్చడానికే యువరాణి గడప దాటుతుంది, సైన్యం కూడగడుతుంది. ఇప్పుడా పిల్ల ఎందుకు వెళ్ళాలి? బతికున్న తాత ఏం చేస్తాడు? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మెకానిక్ ఆ అతుకు కోసం ఫ్రిజ్‌ల వెనక బోర్లా పడుకుని బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. ఎంతసేపు పడుతుందండీ అని ఒక ఇల్లాలు అడిగితే, యువరాణి కదిలితేగానీ చెప్పలేనన్నాడు.

చివరికి శత్రురాజు చేత దీపాల నూనె వచ్చే దారి మూయించాడు. నూనె కోసం యుద్ధమా అని భార్య కాసేపు ఆలోచించి, లోకం అలాగే ఉందిలే అని ఒప్పుకుంది. తాతను సైన్యంతో పాటు బండెక్కించాడు. ఎక్కించాడుగానీ అచ్చులో ఉన్న సంభాషణల్లో తాత మాట ఒక్కటీ లేదు. పెద్ద పెద్ద మంతనాలు జరుగుతుంటే ఆయన నోరు మెదపకుండా ఎందుకుంటాడు? అందుకని మెకానిక్ ఆయనకు పన్నునొప్పి తెప్పించాడు. దవడకు గుడ్డ కట్టి ఓ మూల కూర్చోబెట్టాడు. ఆ పన్నునొప్పి వింటూ ఆవిడ పగలబడి నవ్వింది. పెళ్ళయ్యాక ఆయన మాటకు ఆవిడ అంతలా నవ్వడం ఎప్పుడూ లేదు. మెకానిక్‌కి ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు మాట్లాడుకున్నది కారే కుళాయి గురించి, అయిపోవచ్చిన గ్యాసు గురించి, చుట్టాల రాకపోకల గురించి. ఇప్పుడు యువరాణిది తప్పా ఒప్పా అని అన్నం చల్లారిపోయేదాకా వాదించుకుంటున్నారు. ఆయన పట్టుబట్టి వాదిస్తుంటే, మీకు ఇన్ని అభిప్రాయాలున్నాయని నాకు తెలీదే అని ఆవిడ ఒకసారి వింతపడింది. అందుకే కన్ను బాగైంది, ఇక చదువుకోవచ్చు అని డాక్టరు చెప్పిన రోజున మెకానిక్ మనసు చివుక్కుమంది. భార్య కన్ను బాగైతే బాధపడే మొగుడు ఎక్కడైనా ఉంటాడా అని తనని తానే తిట్టుకున్నాడు. పైగా రేపు ఆదివారం. అంతా చదివిన పుస్తకం గురించి ఆవిడ లేచి మాట్లాడాలి. నిజం చెబితే ఈ సాయంత్రాలు ఇక ఉండవు. చెప్పకపోతే ఆవిడ పదిమందిలో నవ్వులపాలవుతుంది. రాత్రి చెబుదామనుకున్నాడు, పొద్దున చెబుదామనుకున్నాడు, దారిలో చెబుదామనుకున్నాడు. చివరికి చెప్పకుండానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

కుండబద్దలమ్మ లేచింది. మొదటి సగం వర్ణనలతో చంపారంది. జోస్యాలు సగానికి సగం కోసెయ్యొచ్చంది. డ్రాగన్ ఉన్నంతలో మర్యాదస్తురాలంది. "ఇందులో నేను మళ్ళీ చదివేది ఒక్క దీపాల తాత కోసమే. యుద్ధానికి వెళ్తూ బండిలో పన్నునొప్పితో ఆయన పడే పాట్లున్నాయి చూడండీ, అలాంటిది నేనీమధ్య ఎక్కడా చదవలేదు."

గదిలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. లైబ్రరీ మేడమ్ తన పుస్తకం తెరిచి గబగబా తిప్పింది. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకున్నాడు.

"తాత యుద్ధానికి ముందే చచ్చిపోయాడు కదమ్మా."

ఆవిడ మెల్లగా ఆఖరి వరస వైపు తిరిగింది. మెకానిక్ బడిపిల్లాడిలా లేచి నిలబడ్డాడు.

"డాక్టరు ఏడవొద్దన్నాడు కదా," అన్నాడు. "అందుకని నేనే చంపలేదు."

గది గొల్లుమంది. హెడ్మాస్టరుగారికి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. అచ్చులో ఏముందో చెప్పమని లైబ్రరీ మేడమ్‌ని అడిగి, తాత చావు, యువరాణి ప్రతిజ్ఞ, ఆ తర్వాత సంగతులు కూర్చుని పూర్తిగా విన్నది. విన్నాక మళ్ళీ లేచింది. మెకానిక్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"అచ్చులో ఉన్నదే మంచి కథ," అంది. "తాత పోవాలి. పోకపోతే ఆ పిల్ల గడప దాటదు. నూనె దారి అన్నప్పుడే నాకు ఎక్కడో తేడా కొట్టింది. మావారు ఒకరోజు చదువుతూ కూలగొట్టిన వంతెన మీద నుంచే మర్నాడు ఏనుగుల్ని నడిపించారు, నేను మందులు వేసుకుని సరిగ్గా వినలేదేమో అనుకున్నాను." కుర్చీ లాక్కుంటూ, "పన్నునొప్పి మాత్రం రాసినాయనకు చేతకాలేదు," అని కూర్చుంది.

చప్పట్లు మోగాయి. మెకానిక్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. పొగిడిందో తెగిడిందో తేల్చుకోలేకపోయాడు. దారిలో తప్పయిపోయిందన్నాడు. అయిందనే ఆవిడా అంది. ఆవిడ చంకలో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న రెండో భాగం ఉంది.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ ఆవిడే కిటికీ పక్కన చదువుకుంది. మెకానిక్ పనినుంచి వచ్చి చేతులు కడుక్కుని, చప్పుడు తగ్గించి టీవీ పెట్టుకునేవాడు. కళ్ళు టీవీ మీద, మనసు ఆవిడ తిప్పే పేజీల మీద. ఫ్రిజ్‌ల వెనక పడుకున్నప్పుడు అలవాటు కొద్దీ తాత బుర్రలోకి వచ్చేవాడు. యుద్ధం అయిపోయింది, ఇప్పుడు ముసలాయన ఎక్కడికెళ్తాడు? అడిగేవాళ్ళు లేని కథ నాకెందుకని పానా తిప్పుకునేవాడు. ఇల్లంతా మామూలుగానే ఉంది. ఆయనకే బోసిగా ఉంది.

ఒకరోజు ఆయన వచ్చేసరికి ఆవిడ ఆఖరి పేజీ మూస్తోంది.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది. మొదటిదానికంటే చాలా బాగుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు."

మంచిదేనన్నాడు మెకానిక్. వంక పెట్టడానికి లేని పుస్తకం గురించి ఇక మాట్లాడుకోవడానికేముంటుంది? చేతులు కడుక్కోవడానికి లోపలికి తిరిగాడు.

ఆవిడ పుస్తకం తీసి అలమరలో పెట్టేసింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. రెండో కుర్చీని తన కుర్చీ దగ్గరకు లాగింది.

"అందులో మన తాత లేడు," అంది. "ఆయన ఏమయ్యాడో చెప్పండి."

మెకానిక్ జిడ్డు చేతులతోనే వచ్చి కూర్చున్నాడు. చేతిలో పుస్తకం లేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.