జేబులో వాల్వు పిడి

సరస్సు ఒడ్డున అద్దెకు తీసుకున్న ఆ ఇంట్లో దిగినవాళ్ళు పదకొండు మంది, బాత్రూములు రెండు. ఈ సంగతి మొదటిరోజే గమనించినవాడు ప్లంబరు ఒక్కడే. పైకి అనలేదు. అంటే దానికి దారి కూడా నువ్వే చూడమంటారని ఇరవై రెండేళ్ళ కాపురం అతనికి నేర్పింది.

ఈ సెలవులు ఏర్పాటు చేసింది భార్య అన్నగారు. ఆయన మూడు అపార్ట్‌మెంట్ బ్లాకులకు మేనేజరు. ఎక్కడికి వెళ్ళినా ఎవరు ఏ గదిలో పడుకోవాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తాడు. ఈసారి ప్లంబరుకు హాల్లో సోఫా పడింది. నడుంనొప్పికి గట్టి సోఫా మంచిదని బావ వివరించాడు. సోఫా మెత్తగా ఉంది.

మూడో రోజు పొద్దున్నే అత్తగారు వచ్చి, వంటింట్లో కుళాయి కారుతోందని, ఆ చప్పుడుకు తనకు నిద్ర పట్టడం లేదని, అయినా అల్లుడు సెలవు మీద వచ్చాడు కాబట్టి చెప్పనని చెప్పింది. అతను లేచి పెరట్లోకి వెళ్ళి మెయిన్ వాల్వు కట్టేశాడు. కట్టి, దాని పిడి ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది అతని పద్ధతి. పాతికేళ్ళ కిందట ఒక ఇంట్లో అతను పైపు విప్పి చేత్తో పట్టుకుని ఉండగా, ఆ ఇంటావిడ మొహం కడుక్కుందామని వెళ్ళి వాల్వు తిప్పింది. కింది వాటావాళ్ళు ఇప్పటికీ అతన్ని తలుచుకుంటారని వినికిడి. అప్పటినుంచి పిడి జేబులో పడనిదే అతను ఒక్క నట్టు కూడా విప్పలేదు.

వాషరు కోసం లోపలికి వెళుతుంటే బావ ఎదురొచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి ముందూ విషయం చెప్పేయమన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ మూడు బ్లాకులకూ ప్లంబరు మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరాలి. కుర్చీ, బల్ల, జేబు మీద బిల్డింగు పేరు కుట్టిన చొక్కా. తను వంగనక్కర్లేదు, వంగినవాళ్ళను చూస్తూ కూర్చుంటే చాలు. బావ ఈ మాట నెల రోజులుగా చెబుతున్నాడు. నెల రోజులుగా ప్లంబరు నీళ్ళు నములుతున్నాడు. భార్య అప్పుడే రెండు నల్ల ప్యాంట్లు కొనేసింది.

ఆ ఉద్యోగంలో వంక పెట్టడానికి ఏమీ లేదు, బావ తప్ప. నలుగురిలో ఈయన ఎవరని అడిగితే “మా ప్లంబరు” అంటాడు గానీ, చెల్లెలి మొగుడని ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అన్న పాపాన పోలేదు. ప్లంబరు ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాని పానా పట్టాడు. ఆ తర్వాత బాగు చేసినా, పాడు చేసినా, తనకు తానే యజమాని. కాకపోతే బావ ముందు నిలబడితే అతని తల దానంతటదే ఊగుతుంది. ఇప్పుడూ ఊగింది. బావ సంతోషించి స్నానానికి వెళ్ళాడు.

ఇంక వాషరు సంగతి అతనికి గుర్తులేదు. షెడ్డులో ఇంటివాళ్ళ సైకిలు ఉంది. ఆడవాళ్ళది, ముందు బుట్ట కూడానూ. వెంట వస్తామన్న పిల్లలకు పని మీద వెళుతున్నానని చెప్పి ఎక్కాడు. సరస్సు చుట్టూ బాట పద్దెనిమిది కిలోమీటర్లని బోర్డు మీద రాసి ఉంది. కాదు అనే ఒక్క మాట నేర్చుకోవడానికి అంత దూరం చాలనుకున్నాడు.

మొదటి రెండు కిలోమీటర్లూ “ఏమీ అనుకోకు బావా” అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టినవాడెవడూ చివరికి కాదనలేడని మూడోదాంట్లో తెలిసింది. నడుంనొప్పి వంక పెట్టి చూశాడు. బావ దానికి ఇంకో సోఫా చెప్తాడు. ఈలోగా ఫోను మోగింది. చూస్తే బావ. జేబులో పెట్టేశాడు. మళ్ళీ మోగింది, ఈసారి భార్య. భోజనందాకా కూడా ఆగలేరన్నమాట. అయిదో కిలోమీటరు దాటేసరికి తొమ్మిదిసార్లు మోగింది. మోగినప్పుడల్లా అతనికి కొంచెం ఒళ్ళు మండింది, ఆ మంటకు సైకిలు కొంచెం జోరందుకుంది.

గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన ఒకడు, అతను తనలో తాను మాట్లాడుకోవడం చూసి, ఎవరితో అని అడిగాడు. బావతో అన్నాడు ప్లంబరు. ముసలాయన అటూ ఇటూ చూసి తలాడించాడు.

“ముందు కాదను. కారణం అడిగితే అప్పుడు చూసుకో. కారణం ముందు చెప్పావనుకో, దానికి మందు చెప్తారు.”

తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర పదిహేడోసారి మోగింది. సైకిలు దిగి, ఫోనెత్తి, అవతలివాళ్ళు నోరు తెరవకముందే మాట అందుకున్నాడు.

“బావా, ఆ ఉద్యోగం నేను చెయ్యను. ఇప్పుడు కాదు, ఎప్పుడూ చెయ్యను. నీ చేతి కింద పనిచెయ్యడం నాకిష్టం లేదు.”

 అవతలినుంచి బావ గొంతు, ఎక్కడో గూట్లోంచి వచ్చినట్టు వచ్చింది.

“సరే. నీళ్ళెందుకు రావట్లేదు?”

ప్లంబరు చెయ్యి జేబు మీదికి పోయింది.

“పిడి నా దగ్గరుంది.”

“నువ్వెక్కడున్నావు?”

“సగం దూరంలో.”

“వెనక్కి రా.”

“ఎటొచ్చినా అంతే బావా.”

అతను ముందుకే వెళ్ళాడు.

ఇంటి దగ్గర జరిగింది తర్వాత తెలిసింది. పై అంతస్తు పైపుల్లో మిగిలే నీళ్ళు ఒక మనిషి తడిసి, ఒళ్ళంతా సబ్బు రాసుకోవడానికి సరిగ్గా సరిపోతాయి. సరస్సులో దూకమని అత్తగారు సలహా ఇచ్చింది. మేనేజరు తువ్వాలుతో రోడ్డు దాటడని బావ అన్నాడు. పోనీ మోసుకొద్దామంటే ఉన్న రెండు బక్కెట్లూ ఆయనతో పాటు లోపలే ఉన్నాయి, తలుపు తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఫోను అత్తగారి చేతిలో ఉంది. ఆమె స్పీకరు పెట్టి తలుపుకు ఆనించి పట్టుకుంది. ప్లంబరు తొమ్మిదో కిలోమీటరు దగ్గర అన్న మూడు ముక్కలూ ఇంటిల్లిపాదీ బాత్రూము ముందు వరండాలో నిలబడి విన్నారు.

అతను గంట తర్వాత చేరాడు. ఎలాగూ కట్టే ఉంది కదా అని ముందు వంటింటి కుళాయికి వాషరు మార్చాడు. ఆ తర్వాత పిడి బిగించి వాల్వు తిప్పాడు. ఇల్లంతా ఒకసారి దగ్గింది. బాత్రూములో నీళ్ళు పడిన చప్పుడైంది. 

భోజనాల దగ్గర బావ సబ్బు ఎండి దద్దుర్లు లేచిన మొహంతో లేచి నిలబడి మాట్లాడాడు. నిన్న రాత్రే తాను బాగా ఆలోచించానని, మూడు బ్లాకుల బాధ్యత ఇంత మతిమరుపు మనిషికి అప్పగించడం మంచిది కాదని అనిపించిందని, అందుకే ఉద్యోగం సంగతి తానే మానుకున్నానని చెప్పాడు. ప్లంబరు తల ఊగబోయి, ఆగింది.

అత్తగారు తలెత్తకుండానే అంది.

“కాదురా. ముందు వద్దన్నది అల్లుడు. ఫోను పట్టుకున్నది నేను.”

 భార్య, ఆ నల్ల ప్యాంట్లు వాపసు తీసుకోరని మాత్రం చెప్పింది. పనికి వేసుకుంటానన్నాడు అతను. మరక కనపడదు కదా అంది ఆమె. అంతకంటే గొడవ వస్తుందనుకున్నాడు.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి సోఫా పక్కన బావ నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలు వేసుకుని. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు.

“స్నానానికి వెళ్తున్నాను బావా. నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు కదా?”

ఇరవై రెండేళ్ళలో బావ అతనికి చెప్పడమే తప్ప అడగడం ఇదే మొదలు. బావా అని పిలవడం కూడా. ప్లంబరు కాసేపు పైకప్పు వంక చూశాడు.

“ఇంకా ఏమీ అనుకోలేదు,” అన్నాడు.

బావ అక్కడే నిలబడ్డాడు.