దివాకర్ పోయిండట

మన భాషకు మర్యాద ఎక్కువ. చావు మాట నేరుగా నోట రానివ్వదు. కాలం చేశారంటాం, లేరంటాం, మరీ తప్పకపోతే పోయారంటాం. చనిపోయాడన్న మాట పేపర్లకు పనికొస్తుంది గానీ, ఇంటి మనుషుల దగ్గర నోరు తిరగదు. ఈ మర్యాదే ఆదినారాయణ కొంప ముంచింది.

తొంభై ఆరు సెప్టెంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం విమానం దిగి ఆటో ఎక్కాడు. తార్నాకలో తన గది ఉన్న సందు దాటిపోతున్నా ఆపమనలేదు. ముందు దివాకర్ తల్లి దగ్గరికి వెళ్ళాలి, స్నానమైనా తిండైనా ఆ తర్వాతే. కడప జిల్లా నుంచి వచ్చిన తనకూ, మాణికేశ్వర్ నగర్‌లో పెరిగిన దివాకర్‌కూ ఆరేళ్ళుగా ఒకే కంచం, ఒకే మంచం. యూనివర్సిటీలో ఒకే ప్రొఫెసర్ దగ్గర జియాలజీ పరిశోధన. సెమినార్ కోసం ఇద్దరూ కలిసి వియన్నా వెళ్ళారు. సెమినార్ అయిపోయాక, శనివారం ఒక్కరోజు ఊరు చూద్దామనుకున్నారు. ఆ రోజే దివాకర్ చనిపోయాడు. కాగితాలు పూర్తయి శవం రావడానికి వారం పడుతుందన్నారు.

దివాకర్ తల్లి భారతమ్మ ఇంట్లో ఫోన్ లేదు. ఆ గల్లీ మొదట్లో సామేలు నడిపే ఎస్టీడీ బూత్ నంబరే వాళ్ళ నంబరు. శనివారం సాయంత్రం ఆదినారాయణ ఆ నంబరుకు ఫోన్ చేశాడు. లైన్లో ఒకటే గరగర. "సామేలూ, దివాకర్ పోయినాడప్పా. అమ్మకు చెప్పు. నేను సోమవారం వస్తా" అని అరిచాడు.

"అట్లనా సార్, మంచిది" అని వినిపించింది.

ఆ 'మంచిది' ముల్లులా గుచ్చుకుంది. అయినా మళ్ళీ అడగలేదు. ప్రతి ఫోన్ చివరా సామేలు అనే మాటేలే అని సరిపెట్టుకుని పెట్టేశాడు. చెప్పే పని తన నెత్తి మీంచి దిగింది, అదే పదివేలు. పిరికివాడికి సగం వినబడితే చాలు.

ఇంటి ముందు జనం ఉంటారని, ఏడుపులు గల్లీ మొదట్లోకే వినిపిస్తాయని గుండె చిక్కబట్టుకుని ఆటో దిగాడు. తలుపుకు తాళం వేసి ఉంది.

"వచ్చిండ్రా సార్?" సామేలు బూత్‌లోంచి నవ్వుతూ వచ్చాడు. "అమ్మ డ్యూటీకి పోయింది. హాస్టల్ మెస్సుల ఉన్నది. నిన్న గల్లీ గల్లంతా శక్కెర పంచింది. ప్యారిస్ చూడనీకె పోవుడంటే మాటలా?"

"ప్యారిస్ ఏంది?"

"మీరే గద చెప్పిండ్రు, దివాకర్ పోయిండని. టైముంటె ప్యారిస్ గూడ చూసొస్తనని పోయేటప్పుడే అన్నడు గద..." సామేలు ఆదినారాయణ ముఖం చూసి ఆగిపోయాడు. "కాదా సార్?"

ఆదినారాయణ తల అడ్డంగా ఊపాడు. సామేలు వెనక్కి పోయి స్టూలు మీద కూలబడ్డాడు. "అయ్యో దేవా! పోయిండు అంటే నవ్వుకుంట చెప్పొస్తి గదా" అని నెత్తి కొట్టుకున్నాడు.

నువ్వు కూడా రా అని అడగాలనిపించింది ఆదినారాయణకు. అడగలేదు. యూనివర్సిటీ ప్రహరీ గోడ కూలిన చోటు దాటి క్యాంపస్‌లోకి నడిచాడు.

మెస్సు వెనక భారతమ్మ మరో ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుని చపాతీలు ఒత్తుతోంది. చూడగానే ముఖం విప్పారింది. "వచ్చినవా బిడ్డా! గిట్ల చిక్కిపోయినవేంది? గాడ తిండి దొరకలేదా? మావోడెప్పుడొస్తడు?"

"వారం పడుతుందమ్మా" అన్నాడు.

అది అబద్ధం కాదు. అంతకన్నా నీచం.

"ఊరెట్లున్నదో చెప్పు" అంటూ పీట జరిపింది. ఆదినారాయణ కూర్చున్నాడు. చెప్పాల్సింది గొంతులో ఉండిపోయి తక్కినదంతా బయటికొచ్చింది. రోడ్ల మీద నడిచే రైళ్ళు, మనుషుల్ని తిప్పే గుర్రబ్బండ్లు, రాజుగారి మేడ. ఆడవాళ్ళు నవ్వుతూ వింటున్నారు. "ఊరి నడుమ పెద్ద చర్చి ఉండాదమ్మా. మూడొందల పైన మెట్లెక్కితే..." అని నాలుక కరుచుకున్నాడు.

భారతమ్మ చేతిలో చపాతీ కర్ర ఆగింది. "ఎక్కిండ్రా? వానికి మెట్లు పడవు బిడ్డా. చిన్నప్పటి సంది గుండె జబ్బు. నీకు చెప్పలేదా వాడు?"

చెప్పాడు. ఆ చర్చి గోపురం కిందే చెప్పాడు. "డాక్టర్ వద్దన్నడు ఆదీ, నువ్ పోయి రా, నేను గీడనే కూసుంట" అన్నాడు. "ఏం చూసినావని మీ అమ్మ అడిగితే బెంచీ చూసినానని చెప్తావా?" అని ఎగతాళి చేసింది తనే. అమ్మ పేరెత్తితే వాడు కాదనలేడని తెలిసే ఎత్తాడు. ఈ ముక్క అక్కడి పోలీసులకు చెప్పలేదు, ఇక్కడి ప్రొఫెసర్‌కూ చెప్పదలుచుకోలేదు.

"చెప్పినాడమ్మా. నేనే వినలేదు. నేనే ఎక్కించినా."

"ఆయాసమొచ్చిందా? దవాఖానల ఉన్నడా?"

"శనివారమే చచ్చిపోయినాడమ్మా. ప్యారిస్ పోలేదు. ఎక్కడికీ పోలేదు."

పక్కనున్నామె అయ్యో అని అరిచింది. పెనం మీద చపాతీ మాడుతుంటే ఎవరూ తీయలేదు. భారతమ్మ ఏడవలేదు. పిండి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"పైకెక్కిండా? ఊరన్న చూసిండా?"

చూశాడమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చూశాడు, నవ్వాడు అంటే ఆ తల్లికి అదైనా మిగులుతుంది. తనకూ కొంచెం మిగులుతుంది. ఆ రెండోది గుర్తుకొచ్చేసరికి ఆదినారాయణకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"లేదమ్మా. సగంలోనే, మెట్ల మీదే పడిపోయినాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడేనమ్మా."

"మరి నువ్వు యాడున్నవ్ బిడ్డా అప్పుడు?"

"పైన ఉంటినమ్మా" అన్నాడు ఆదినారాయణ. "ఊరు చూస్తా ఉంటి."