రెండు రెక్కలకూ ఒకే అంకె

నిదానం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. వైరింగ్ పని చేసే మనిషి అంత మెత్తగా మాట్లాడితే నాకు ఒళ్లు మంట. అతనికి 'నిదానం' అని పేరు పెట్టింది కూడా నేనే. ఇప్పుడు షెడ్డంతా అతన్ని అలాగే పిలుస్తుంది.

మా విమానం రెక్కల కొనలు గాలిని బట్టి పైకీ కిందికీ వంగుతాయి. ఒకటి వంగి రెండోది మొరాయిస్తే విమానం పక్కకు ఒరిగిపోతుంది. ఇంకో గంటలో దాన్ని నడపబోయేది నా చెల్లెలు. అన్నీ సరిచూసి సంతకం పెట్టాల్సింది నేను.

మీట జరిపాను. తెరమీద ఎడమ కొన పదిహేడు పాయింట్ రెండు డిగ్రీలు. కుడి కొనా అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మింగుడుపడలేదు. కొనల్ని వంచే మోటార్లు ఒకే పెట్టెలో వచ్చినా, కనీసం అర డిగ్రీ దగ్గర పేచీ పెట్టుకుంటాయి. ఇవి ఇంత బుద్ధిగా ఎప్పుడు మారాయి?

"ఏం చేశావు?" అన్నాను నిదానంతో.

"నేనేం చేశానండీ? మీరు చెప్పినట్టే బిగించా."

"నంగనాచి కబుర్లు నా దగ్గర చెప్పకు."

నిచ్చెన వేయించుకుని ఎక్కాను. కోణం కొలిచే పరికరం పెట్టి చూస్తే ఎడమది పదిహేడే. కుడిది తొమ్మిది దగ్గర బిగుసుకుపోయి ఉంది. కిందనుంచి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. ఎడమ అంకెనే ఎవరో రెండు గడుల్లోనూ చూపిస్తున్నారు. నిదానం దొరికాడనుకుని, అందరి ముందే తెర వెనక మూత విప్పించాను. చెల్లెలు కూడా హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది.

లోపల ఎడమ తీగనూ కుడి తీగనూ కలుపుతూ చిన్న ఎర్ర తీగ ముక్క ఉంది. దానిమీద నల్ల టేపు. తేలిగ్గా ఊడదీయడానికి టేపు చివర వెనక్కి మడిచి ఉంది.

అలా మడత పెట్టేది షెడ్డులో నేనొక్కదాన్నే. పోయిన వారం నిదానం సెలవులో ఉన్నప్పుడు, తెర పనిచేస్తోందో లేదో చూడటానికి ఆ ముక్క పెట్టాను. తీయడం మర్చిపోయాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఎవరక్కా పెట్టింది?" చెల్లెలు అడిగింది.

నిదానం నేలచూపులు చూస్తున్నాడు. ఆ మడత ఎవరిదో అతనికీ తెలుసు.

"నేనే," అన్నాను.

చెల్లెలు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నా చేతిలోని సంతకాల కాగితం మెల్లగా తీసుకుంది.

"ఇకనుంచి నా విమానం ఆయన చూస్తారులే అక్కా," అని దాన్ని నిదానం చేతికిచ్చింది.