సొన మచ్చలు

మా ఆడపడుచు సుస్మితతో వేగలేకపోతున్నాను. అన్నం తినగానే తన కంచం తనే కడిగేస్తుంది. అక్కడితో ఆగితే సర్దుకుపోదును. వాళ్ళన్నయ్య కంచం ఆయన చేతికే ఇచ్చి సింకు చూపిస్తుంది. పదకొండేళ్ళ కాపురంలో నావల్ల కాని పనిని, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మూడు వారాల్లో చేసేస్తే నా పరువేం కావాలి?

ఏడాదిపాటు తిరుగుతూ, దొరికిన పని చేసుకుంటూ గడపనిచ్చే వీసా ఒకటుంది, లాటరీ తీసి ఇస్తారు. లాటరీలో పేరు తగిలింది, వెళ్ళింది, గడువు తీరింది, వచ్చేసింది. చివరి మూడు నెలలూ అక్కడి డార్విన్ అనే ఊరి దగ్గర తోటల్లో మామిడికాయలు కోసింది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల కాయకోతకు వెళ్ళిందని పటమటలో, అందులోనూ మా అపార్ట్‌మెంటులో, ఎలా చెప్పను? "పండ్లతోటల మీద రీసెర్చి చేస్తోందండీ" అన్నాను. అందరూ నమ్మారు. ఎంఏ చదివి నేను సాధించింది అదొక్కటే.

వచ్చిన దగ్గర్నుంచి పిల్ల సరిగ్గా తినడం లేదు. మొన్న పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగాను.

"ఎవరైనా అబ్బాయా?"

"అబ్బాయైతే బావుండేది వదినా. ఎవరికైనా చెప్పుకోవచ్చు."

"మరేంటే?"

"పొద్దున్నే ట్రాక్టరు వెనకాల పాటలు పాడుకుంటూ నడిచేవాళ్ళం, తొమ్మిది మందిమి. ఇప్పుడు తలో దేశం పోయాం. ఇక్కడ ఆ మాట ఎత్తితే నీ మాట పోతుంది. నువ్వు చెప్పిన ఆ రీసెర్చి పిల్ల ఎవరో నాకు తెలీదు. దానికేం దిగుల్లేదు. నాకే ఏడుపొస్తోంది."

నేను నవ్వేసి, ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు తన ముందుకు తోశాను.

ఆ సాయంత్రం ఎదురు ఫ్లాటు ఛాయాదేవిగారు పిల్లను చూడ్డానికి వచ్చారు. సుస్మిత ముంజేతుల నిండా నల్లటి మచ్చలు. అందుకే పొడుగు చేతుల చుడీదార్ వేయించాను. కాఫీ అందిస్తుంటే ఆ చెయ్యి కాస్తా పైకి జరిగింది.

"అయ్యో, ఏంటమ్మా ఇది?"

"అక్కడి ఎండ పడలేదండీ. ఎలర్జీ" అన్నాను, సుస్మిత నోరు తెరవకముందే.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఎండ కాదండీ, మామిడి సొన. తొడిమ విరిస్తే చిమ్ముతుందే, అది పడితే ఇలాగే కాలుతుంది. మాది నూజివీడు. మా నాన్నగారి చేతులనిండా ఇవే."

మామిడి సొనకు ఎలర్జీ అని పేరుపెట్టి, పోయిపోయి నూజివీడు ఆవిడకు చెప్పాను!

సుస్మిత నా వైపు చూసింది. కోపంగా చూసినా బావుండేది. ఏం చెప్పమంటావన్నట్టు చూసింది.

"ల్యాబులో పడిందాంటీ. రీసెర్చిలో... శాంపిల్స్ అవీ..." ట్రే పట్టుకుని వంటింటి వైపు తిరిగింది.

తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మండుటెండలో పనిచేసి వచ్చిన పిల్ల, ఇక్కడ నా అబద్ధానికి వెట్టిచాకిరీ చేస్తోంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ల్యాబూ లేదు, రీసెర్చీ లేదండీ. తోటలో కాయలు కోసింది. చెప్పుకోడానికి నాకే సిగ్గేసి అందరికీ అబద్ధం చెప్పాను."

ఛాయాదేవిగారికి చెప్పడం తేలికే అయింది. సుస్మిత మొహంలోకి చూడ్డానికే కాస్త ఆలస్యమైంది.

"తప్పు నాదే సుస్మితా" అన్నాను.