మంత్రసాని పేరు చెప్పి

పులివెందుల దగ్గరి ఆ ఊళ్ళో పార్టీ నడిపే మగవాడికి జ్వరం రావచ్చు, గాయం కావచ్చు, మంచం పట్టడం మాత్రం కుదరదు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కాలంలో ఊరు రెండు పార్టీలుగా ఉండేది. ఒకదానికి ఓబులేసు పెద్ద, రెండోదానికి వీధి అవతలి చెన్నప్ప. ఓబులేసు పడిపోయాడని తెలిస్తే చెన్నప్ప మనుషులు అతని ఒక్కగానొక్క కొడుకును పొలం దారిలో కాస్తారు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

అటువంటి ఓబులేసుకు కడుపులో రాచపుండు పుట్టింది. జమ్మలమడుగు డాక్టరు చూసి, కోసినా లాభం లేదనీ, ఇంటికి తీసుకుపోయి నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందనీ చెప్పాడు. నొప్పి తగ్గించే సూది ఎవరు పడితే వాళ్ళు వేసేది కాదన్నాడు. ఉద్యోగం మానుకుని ఇళ్ళల్లో ఉండి రోగులను చూసుకునే నర్సు నిర్మలమ్మ పేరు చెప్పి, మందు ఆమె దగ్గరే ఉండాలన్నాడు.

ఓబులేసు తమ్ముడు నారాయణ అడ్డం పడ్డాడు. అన్న ప్రొద్దుటూరులో చెనక్కాయల బేరం మీద ఉన్నాడని అతను అప్పటికే ఊరంతా చెప్పుకొచ్చాడు. ఇప్పుడు నర్సు వస్తే గుట్టు రట్టవుతుందన్నాడు. అన్న మూలిగినప్పుడల్లా ఆ మహానుభావుడు చేసే వైద్యం ఒక్కటే, మూలుగు వీధిలోకి వినబడకుండా ఆడవాళ్ళ చేత రోట్లో కొర్రలు దంపించడం. దంచిన కొర్రలే మళ్ళీ దంచేవాళ్ళు.

ఓబులేసు భార్య వెంకటసుబ్బమ్మకు ఒళ్ళు మండింది. మొగుడు బతకడని ఆమె గుండె రాయి చేసుకుంది గానీ, ఇలా నొప్పితో చావనిచ్చేది లేదని మొండికెత్తింది. ఉపాయం కూడా ఆమే చెప్పింది. కోడలికి ఐదో నెల అందాం, పోయినసారిలా కడుపు పోకుండా మంత్రసానిని ఇంట్లోనే పెట్టుకున్నామందాం. లేని కడుపు మోస్తూ కోడలు గదిలో కూర్చుంది. నిర్మలమ్మ బస్సు దిగి వచ్చింది.

మొదటి సూదికే ఓబులేసు నిద్రపోయాడు. అతని ముఖంలో ముడతలు విడిపోవడం చూసి వెంకటసుబ్బమ్మ వంటింట్లోకి పోయి సంతోషంతో ఏడ్చింది. ఆ రోజు రోలు మోగలేదు.

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా, ఒక ఉదయం చెన్నప్ప పెండ్లాం కృష్ణమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏళ్ళ తరబడి ఆ గడప వైపు చూడని మనిషి. కూతురికి నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందనీ, మంత్రసానిని పంపమనీ చేతులు జోడించింది.

నారాయణ లోపలికి వచ్చి, పంపితే అన్న అరుపులు వీధిలో వినబడతాయన్నాడు. పంపకపోతే ఆమె మంత్రసాని కాదని తేలిపోతుందని వెంకటసుబ్బమ్మ అంది. పోయేముందు ఒక సూది వేసిపొమ్మంటే నిర్మలమ్మ తల అడ్డంగా ఊపింది. పొద్దున వేసింది ఇంకా ఒంట్లోనే ఉంది, దాని మీద మరొకటి పడితే ఊపిరి ఆగిపోతుందని చెప్పింది. చివరికి మంచం మీదున్నవాడే తేల్చాడు.

"పంపియ్. ఆడబిడ్డ ఉసురు మనకెందుకు?"

మధ్యాహ్నానికి మందు బలం దిగిపోయింది. నారాయణ మళ్ళీ రోలు దంపించాడు. వెంకటసుబ్బమ్మ తువ్వాలు మడిచి మొగుడి పళ్ళ మధ్య పెట్టింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని, వదలకుండా పొద్దు వాలేదాకా మెలికలు తిరిగాడు. నొప్పి తనకొచ్చినా బాగుండునని ఆమె అనుకుంది.

నిర్మలమ్మ తిరిగొచ్చి, తల్లీ బిడ్డా క్షేమమని చెప్పి, సూదిని నీళ్ళలో మరగపెట్టింది. వెంకటసుబ్బమ్మ మొగుడి నోట్లోని తువ్వాలు తీసి, చెమట తుడిచింది. ఆ ఇంట్లో ఏమేమి అడిగారని నర్సును అడిగింది. నిర్మలమ్మ మరిగే నీళ్ళ మీదనుంచి కళ్ళెత్తకుండా చెప్పింది.

"మీ కోడలికి ఎన్నో నెలని ఎవురూ అడగల్యా. పెద్దాయన మంచం పట్టిన సంగతి నేనొచ్చిన్నాడే వాళ్ళకు తెలుసంట, అదును కోసం కాసుకోనుండారంట."

"చెన్నప్ప ఏమన్యాడు?"

"నా బిడ్డను బతికిచ్చినారు, దానికి నేనూ ఒక మాటిస్తాండా అన్యాడు. పెద్దాయన కండ్లు మూసేదాకా మీ ఇంటోళ్ళ జోలికి రాడంట."

వెంకటసుబ్బమ్మ వాకిలి వైపు చూసింది. కొడుకు పొలం నుంచి వచ్చి, కాడి దించుతున్నాడు. మొగుడికి త్వరగా విముక్తి ప్రసాదించమని రోజూ దేవుడికి మొక్కుకున్న మనిషి, ఇక మొగుడు బతికినన్నాళ్ళే కొడుకు బతుకని లెక్క కట్టింది. మందు ఎక్కువైతే ఊపిరి ఆగుతుందని నిర్మలమ్మ పొద్దున చెప్పినప్పుడు ఆమె పక్కనే ఉంది.

సూదిలోకి మందు ఎక్కిస్తున్న నర్సు చెయ్యి పట్టుకుంది.

"సగమే వెయ్యి నిర్మలమ్మా. ఈయప్ప ఇంగా శానా దినాలుండాల."

నిర్మలమ్మ నిర్ఘాంతపోయి మంచం వైపు చూసింది. ఓబులేసు అంతా విన్నాడు. భార్య ఒళ్ళోని తువ్వాలు అందుకుని, తనే నోట్లో పెట్టుకున్నాడు.